మాట వాళ్లది, క్రియ మనది: ఇంగ్లిష్ ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లో అసలు చిక్కు

ఏ తెలుగు దినపత్రికైనా తీసి రాజకీయ వార్తల పేజీ చూడండి. అక్కడ ఎవరూ ఊరికే 'అనరు'. ప్రతిపక్ష నాయకులు ధ్వజమెత్తుతారు, నిలదీస్తారు, మండిపడతారు, ఎద్దేవా చేస్తారు. మంత్రులు స్పష్టం చేస్తారు, ఉద్ఘాటిస్తారు, భరోసా ఇస్తారు. వయసులో పెద్దవాళ్లు హితవు పలుకుతారు. రైతులు వాపోతారు. అధికారులు 'పేర్కొంటారు'. ఈ చివరి మాట ఇళ్లల్లో ఎవరి నోటా వినపడదు గానీ, పేపర్లో మాత్రం రోజుకు పాతికసార్లు కనిపిస్తుంది. వాక్యం చివర క్రియ ఒక్కటి చూస్తే చాలు, మాట్లాడినవాడు ఏ పక్షమో, ఏ స్వరంతో అన్నాడో, రాసిన విలేకరి ఆ మాటను ఎంతవరకు నమ్మాడో తెలిసిపోతుంది.

ఈ పేజీ చదివి ఆఫీసుకెళ్లిన మనమే ఇంగ్లిష్‌లో ఒక మెయిల్ రాయాల్సి వచ్చేసరికి రెండంటే రెండు క్రియలతో సరిపెట్టేస్తాం: 'సెడ్', 'టోల్డ్'. అందులోనూ రెండోది చాలాసార్లు తప్పుగానే పడుతుంది. 'మేనేజర్ టోల్డ్ దట్...', 'క్లయింట్ టోల్డ్ టు మీ దట్...' లాంటి వాక్యాలు మనకు ఎంత అలవాటైపోయాయంటే, అవి తప్పని చెబితే చాలామంది నమ్మరు. స్కూల్లో ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లో పూర్తి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా ఇలాగే రాస్తారు. కాబట్టి లోపం చదువులో శ్రద్ధ లేకపోవడం కాదు. మనకు నేర్పింది ఒకటి, నిజంగా కావాల్సింది ఇంకొకటి.

బడిలో నేర్పేది ఒక మార్పిడి యంత్రం. ఇన్‌వర్టెడ్ కామాల మధ్య ఒక వాక్యం ఇస్తారు. 'సెడ్ టు' ఉంటే 'టోల్డ్' చెయ్యి, 'విల్' ఉంటే 'వుడ్' చెయ్యి, 'టుమారో' ఉంటే 'ది నెక్స్ట్ డే' చెయ్యి, 'హియర్' ఉంటే 'దేర్' చెయ్యి. 'హుర్రా' కనిపిస్తే 'ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్', 'అలాస్' కనిపిస్తే 'ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ సారో'. ఇవి తప్పులని కాదు. కానీ ఈ చివరి రెండూ పరీక్ష పేపరు దాటి బయట బతకవు. 'మై ఫ్రెండ్ ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్ దట్ హి హ్యాడ్ గాట్ ఎ జాబ్' అని మామూలు మెయిల్లో ఎవరైనా రాస్తే చదివేవాడు నవ్వుకుంటాడు.

అసలు తేడా ఎక్కడుందంటే, బయటి జీవితంలో మన చేతికి ఇన్‌వర్టెడ్ కామాల వాక్యం ఎవరూ ఇవ్వరు. అరగంట మీటింగ్ జరుగుతుంది. ఒకాయన నసుగుతాడు, మధ్యలో ఫోన్ ఎత్తుతాడు, చివరికి 'సరే చూద్దాంలెండి' అంటాడు. దాన్ని ఒక్క వాక్యంలో రాయాలి. ఆయన ఒప్పుకున్నాడా? మాటిచ్చాడా? ఆలోచిస్తానన్నాడా? మర్యాదగా తప్పించుకున్నాడా? ఆ తీర్పు రాసేవాళ్లే చెప్పాలి, అది పడేది రిపోర్టింగ్ వెర్బ్ మీద, అంటే 'సెడ్', 'టోల్డ్' లాగా ఒకరి మాటను చేరవేసే క్రియ మీద. 'విల్'ను 'వుడ్' చేయడం దీని ముందు చిన్న పని.

ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ 1955లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో చర్చించింది దాదాపు ఇదే. మాట్లాడటమంటే సమాచారం అందించడం ఒక్కటే కాదు, మాటతో మనం పనులు చేస్తాం అన్నాడాయన: మాటివ్వడం, హెచ్చరించడం, క్షమాపణ కోరడం, పందెం కాయడం. 'రేపు నీ సంగతి చూస్తాను' అన్న ఒకే వాక్యం డాక్టర్ అంటే హామీ, అప్పులవాడు అంటే బెదిరింపు. పలికిన మాటలు ఒకటే, జరిగిన పనులు వేరు. డైరెక్ట్ స్పీచ్ పలికిన మాటలను చూపిస్తుంది. ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లో మంచి రిపోర్టింగ్ వెర్బ్ జరిగిన పని పేరు చెబుతుంది. అందుకే డాక్టర్ విషయంలో 'ప్రామిస్డ్', అప్పులవాడి విషయంలో 'త్రెటెన్డ్'. ఇద్దరికీ 'సెడ్' రాస్తే వ్యాకరణం తప్పదు గానీ విషయం పోతుంది.

'అని' ఉండగా మనకు చింత లేదు

మరి తెలుగులో ఇంత తేలిగ్గా వచ్చే పని ఇంగ్లిష్‌లో ఎందుకు తడబడుతుంది? కారణం 'అని'. 'అను' అనే క్రియ నుంచే పుట్టిన ఈ చిన్నమాట మన భాషలో ఎవరి మాటనైనా, ఎలాంటి మాటనైనా ఏ క్రియకైనా అతికించేస్తుంది. అని చెప్పాడు, అని అడిగాడు, అని తిట్టాడు, అని ఏడ్చింది, అని నవ్వాడు, అని చేతులెత్తేశాడు. మాటతో సంబంధం లేని పనులకు కూడా పనికొస్తుంది. వాన వస్తుందని గొడుగు తెచ్చాను, ఢామ్మని పడ్డాడు. తమిళంలో 'ఎన్రు', కన్నడంలో 'ఎందు' చేసేది కూడా ఇంచుమించు ఇదే పని. కాబట్టి ఇది తెలుగువాళ్ల ఒక్కరి సంగతి కాదు.

దీని ఫలితం ఏమిటంటే, తెలుగులో క్రియ మార్చినా వాక్యం మిగతా భాగం కదలదు. 'లేటుగా వచ్చానని' అన్న ముక్క పక్కన 'చెప్పింది' పెట్టండి, 'తిట్టింది' పెట్టండి, 'అలిగింది' పెట్టండి, అన్నీ సరిపోతాయి. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. అక్కడ ప్రతి క్రియా తన తర్వాత ఏం రావాలో తనే నిర్ణయిస్తుంది. ఒకదానికి 'దట్' కావాలి, ఇంకొకదానికి విన్న మనిషి కావాలి, మరొకదానికి 'టు', వేరొకదానికి 'ఐఎన్‌జీ', ఇంకొకదానికి 'ఫర్' లేదా 'ఆఫ్'. మనం మాత్రం 'అని' అనుకుంటూ 'దట్' వేసేస్తాం. 'మై మదర్ స్కోల్డెడ్ మీ దట్ ఐ కేమ్ లేట్' ఇలా పుట్టిందే. ఇంగ్లిష్‌లో అది 'స్కోల్డెడ్ మీ ఫర్ కమింగ్ లేట్'. నేను దొంగతనం చేశానని నిందించాడు అంటే 'అక్యూజ్డ్ మీ ఆఫ్ స్టీలింగ్'. సాయం చేశానని థ్యాంక్స్ చెప్పాడు అంటే 'థ్యాంక్డ్ మీ ఫర్ హెల్పింగ్'. పాసయ్యానని అభినందించాడు అంటే 'కంగ్రాచులేటెడ్ మీ ఆన్ పాసింగ్'. ఈ నాలుగింట్లో 'దట్' కూర్చోదు.

అందుకని కొత్త రిపోర్టింగ్ వెర్బ్ ఎదురైనప్పుడు అర్థం ఒక్కటే నేర్చుకుంటే సగం నేర్చుకున్నట్టే. దాని వెనకాల ఏం వస్తుందో కూడా కలిపి ఒకే ముక్కగా గుర్తుపెట్టుకోవాలి. 'అక్యూజ్' అని కాదు, 'అక్యూజ్ సమ్‌బడీ ఆఫ్' అని. మంచి ఇంగ్లిష్-ఇంగ్లిష్ నిఘంటువులు ప్రతి క్రియకూ ఈ చట్రం చూపిస్తాయి. మనం అర్థం వరకు చదివి నిఘంటువు మూసేస్తాం.

'టెల్' ఎవరికో చెప్పాలి, 'సే' చెప్పక్కర్లేదు

ఎక్కువ తప్పులు పడేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. 'టెల్' అన్న క్రియకు విన్న మనిషి వెంటనే పక్కన ఉండాలి, మధ్యలో 'టు' లేకుండా. 'హి టోల్డ్ మీ దట్ హి వాజ్ బిజీ' సరైనది. 'హి టోల్డ్ దట్' అంటే విన్నవాడు మాయమయ్యాడు. 'హి టోల్డ్ టు మీ' అంటే 'నాతో', 'నాకు' అన్న విభక్తిని మనం ఇంగ్లిష్‌లోకి మోసుకొచ్చాం. 'సే' దీనికి రివర్సు. దానికి విన్నవాడు అక్కర్లేదు, ఉంటే మాత్రం 'టు' తోడు కావాలి: 'హి సెడ్ దట్ హి వాజ్ బిజీ', 'హి సెడ్ టు మీ దట్...'. 'టెల్' మనిషి లేకుండా వచ్చే సందర్భాలు కొన్ని స్థిరపడిపోయాయి: 'టెల్ ది ట్రూత్', 'టెల్ ఎ లై', 'టెల్ ఎ స్టోరీ', 'టెల్ ది టైమ్'. వీటిని చూసి 'టెల్' ఒంటరిగా కూడా నిలబడుతుందని అనుకోవద్దు.

మిగతా క్రియల్లో చాలా భాగం ఈ రెండింటిలో ఏదో ఒకదాని జట్టులో ఉంటాయి. 'ఇన్‌ఫార్మ్', 'అష్యూర్', 'రిమైండ్', 'కన్విన్స్', 'నోటిఫై' అన్నవి 'టెల్' జట్టు. మన ఆఫీసుల్లో తరచూ కనిపించే 'హి ఇన్‌ఫార్మ్‌డ్ దట్ హి ఈజ్ ఆన్ లీవ్' అందుకే తప్పు. ఎవరికి తెలియజేశాడో లేదు. 'హి ఇన్‌ఫార్మ్‌డ్ అజ్ దట్...' అనాలి. 'ఎక్స్‌ప్లెయిన్', 'మెన్షన్', 'అనౌన్స్', 'అడ్మిట్', 'కంప్లెయిన్', 'పాయింట్ అవుట్' అన్నవి 'సే' జట్టు. 'సర్ ఎక్స్‌ప్లెయిన్డ్ మీ ది ప్రాబ్లమ్' అనకూడదు, 'ఎక్స్‌ప్లెయిన్డ్ ది ప్రాబ్లమ్ టు మీ' అనాలి. 'ప్రామిస్', 'వార్న్' రెండు జట్లలోనూ ఆడతాయి, మనిషి ఉన్నా లేకున్నా వాటికి ఇబ్బంది లేదు.

ఏది ఏ జట్టో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. వాక్యాన్ని పాసివ్‌లోకి తిప్పి, విన్నవాడిని ముందు పెట్టండి. 'ఐ వాజ్ టోల్డ్ దట్ ది ఆఫీస్ వాజ్ క్లోజ్డ్' బాగుంది. 'ఐ వాజ్ ఇన్‌ఫార్మ్‌డ్' బాగుంది. 'ఐ వాజ్ సెడ్' అని ఎవరూ అనరు. అలాగే 'ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్' కూడా అనకూడదు, మన దగ్గర అది తరచూ వినబడినా సరే. పాసివ్‌లో ఎబ్బెట్టుగా ఉంటే ఆ క్రియ 'సే' జట్టు.

రమ్మన్నాడు, వద్దన్నాడు

ఆజ్ఞలు, సలహాలు, బతిమాలడాలు తెలుగులో 'మని' దగ్గర తేలిపోతాయి. రమ్మన్నాడు, కూర్చోమని చెప్పాడు, ఆలోచించమని సలహా ఇచ్చాడు, ఒక్కసారి వచ్చి చూడమని వేడుకున్నాడు. ఇంగ్లిష్‌లో వీటిలో ఎక్కువ భాగం 'మనిషి తర్వాత టు' అనే ఒకే దారిలో నడుస్తాయి: 'టోల్డ్ మీ టు వెయిట్', 'ఆస్క్డ్ మీ టు సిట్', 'అడ్వైజ్డ్ మీ టు రెస్ట్', 'అర్జ్‌డ్ అజ్ టు ఓట్', 'రిమైండెడ్ మీ టు కాల్'. ఇక్కడి వరకు సుఖమే. ఆ సుఖంలోనే 'సజెస్ట్' కూడా అదే దారి అనుకుని దూకేస్తాం. 'హి సజెస్టెడ్ మీ టు సీ ఎ డాక్టర్' అన్న వాక్యం తెలుగు చెవికి ఎంత సహజంగా ఉంటుందో, ఇంగ్లిష్ చెవికి అంత ఎబ్బెట్టుగా ఉంటుంది.

'సజెస్ట్' వెంట రాదగినవి రెండు. ఒకటి 'ఐఎన్‌జీ': 'హి సజెస్టెడ్ సీయింగ్ ఎ డాక్టర్'. రెండోది 'దట్'తో పూర్తి వాక్యం: 'హి సజెస్టెడ్ దట్ ఐ సీ ఎ డాక్టర్' లేదా 'దట్ ఐ షుడ్ సీ ఎ డాక్టర్'. ఇందులో ఒక వింత ఉంది. కర్త 'షి' అయినా అమెరికన్ ఇంగ్లిష్‌లో 'హి సజెస్టెడ్ దట్ షి సీ ఎ డాక్టర్' అనే రాస్తారు, 'సీస్' అనరు. 'రికమెండ్', 'డిమాండ్', 'ఇన్‌సిస్ట్' దగ్గరా ఇదే పద్ధతి. బ్రిటన్‌లో 'షుడ్' పెట్టి రాసే అలవాటు ఎక్కువ. ఏది వాడినా సరే గానీ, 'డిమాండెడ్ మీ టు పే' మాత్రం కుదరదు. 'డిమాండెడ్ దట్ ఐ పే' అనాలి. జీతం పెంచాలని తెలుగు వార్తల్లో రోజూ ఎవరో ఒకరు డిమాండ్ చేస్తూనే ఉంటారు కాబట్టి ఈ మాట మనదే అనిపిస్తుంది, దాని చట్రం మాత్రం మనది కాదు.

వద్దనడం దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 'వెళ్లొద్దని హెచ్చరించాడు' అన్నదానికి 'వార్న్డ్ మీ నాట్ టు గో'. 'నాట్' కావాలి. అదే 'ఫర్బిడ్' వాడితే 'నాట్' అక్కర్లేదు, 'ఫర్బేడ్ మీ టు గో' అంటేనే వద్దన్నట్టు. కాదనే అర్థం క్రియ లోపలే ఉంది.

ఇదే చిక్కు 'డినై' దగ్గర ప్రమాదం స్థాయికి వెళుతుంది. కుర్రాడు డబ్బు తీయలేదని బుకాయించాడనుకోండి. తెలుగులో 'తీయలేదు' అన్న కాదనే మాట స్పష్టంగా ఉంది. దాన్ని అలాగే మోసుకెళ్లి 'హి డినైడ్ దట్ హి డిడ్ నాట్ టేక్ ది మనీ' అని రాస్తే అర్థం తలకిందులవుతుంది: తను తీయలేదన్న మాటను అతను కాదన్నాడు, అంటే తీశానన్నాడు! సరైన వాక్యం 'హి డినైడ్ టేకింగ్ ది మనీ'. పోలీసు ఫిర్యాదుకో, హెచ్‌ఆర్ విచారణకో ఇంగ్లిష్‌లో వాంగ్మూలం రాసేటప్పుడు ఈ ఒక్క 'నాట్' ఏం చేయగలదో ఊహించుకోవచ్చు. 'డౌట్' కూడా ఈ బాపతే. అతనే తీశాడని అనుమానం అనే ఉద్దేశంతో 'ఐ డౌట్ దట్ హి టుక్ ఇట్' అంటాం. వినేవాడికి మాత్రం అతను తీశాడంటే నమ్మలేనని అర్థమవుతుంది. మనం అనాల్సింది 'సస్పెక్ట్'.

తెలుగులో ఒకే మాట రెండు మూడు పనులు చేసే చోట్ల కూడా ఇలాంటి ప్రమాదాలే. 'ఒప్పుకున్నాడు' తీసుకోండి. రేపు రావడానికి ఒప్పుకున్నాడు, 'అగ్రీడ్ టు కమ్'. తప్పు చేశానని ఒప్పుకున్నాడు, 'అడ్మిటెడ్'. వాదనలో ఎదుటివాడి పాయింటు అయిష్టంగానే ఒప్పుకున్నాడు, 'కన్సీడెడ్'. ఉద్యోగం ఇస్తామంటే ఒప్పుకున్నాడు, 'యాక్సెప్టెడ్'. ఇక 'ఒప్పుకోలేదు' అంటే 'రెఫ్యూజ్డ్' కావచ్చు, 'డినైడ్' కావచ్చు. రానన్నవాడు 'రెఫ్యూజ్' చేశాడు, చేయలేదన్నవాడు 'డినై' చేశాడు. మొదటిది ఇకమీదట జరగాల్సిన పని గురించి, రెండోది జరిగిందంటున్న పని గురించి. పత్రికల్లో వచ్చే 'ఖండించారు' కూడా ఇలాంటిదే. ఆరోపణలను ఖండించారు అంటే 'డినైడ్', దాడిని ఖండించారు అంటే 'కండెమ్డ్'. ఈ రెంటికీ కలిపి 'రెఫ్యూటెడ్' అని రాసేవాళ్లున్నారు. కచ్చితంగా వాడేవాళ్ల లెక్కలో 'రెఫ్యూట్' అంటే ఊరికే కాదనడం కాదు, తప్పని రుజువు చేయడం.

ప్రశ్నలూ, కాలాలూ

ప్రశ్నల సంగతి త్వరగా చెప్పేసుకోవచ్చు. తెలుగులో ప్రశ్న యథాతథంగా 'అని' ముందు కూర్చుంటుంది: 'ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు'. ఇంగ్లిష్‌లో 'ఆస్క్డ్ దట్ వేర్ ఆర్ యూ గోయింగ్' అనకూడదు. 'దట్' పోవాలి, ప్రశ్న వరస మామూలు వాక్యం వరసకు రావాలి: 'ఆస్క్డ్ వేర్ ఐ వాజ్ గోయింగ్'. అవునా కాదా అన్న ప్రశ్నకైతే 'ఇఫ్' లేదా 'వెదర్'. అన్నిటికీ 'ఆస్క్డ్' అక్కర్లేదు. 'వాంటెడ్ టు నో' అంటే తెలుసుకోవాలన్న తపన కనిపిస్తుంది. 'వండర్డ్' అంటే ఎవరినీ అడగకుండా మనసులోనే అనుకున్నట్టు.

కాలం మార్చడం మీద మన దగ్గర ఉన్నంత భయం ఇంకెక్కడా ఉండదేమో. తెలుగులో ఈ గొడవే లేదు. 'రవి రేపు వస్తానన్నాడు' అన్న వాక్యంలో కర్త రవి, కానీ 'వస్తాను' మాత్రం ఉత్తమ పురుషలోనే ఉండిపోయింది. రవి నోటి మాట దాదాపు అలాగే మిగిలింది. దీన్ని మాటకు మాట పెట్టి 'రవి సెడ్ దట్ ఐ విల్ కమ్' అంటే ఇంగ్లిష్ వినేవాడు వచ్చేది రవి కాదు, మీరే అనుకుంటాడు. కాబట్టి సర్వనామం మార్చడం తప్పనిసరి. కాలం విషయంలో అంత పట్టుదల అక్కర్లేదు. రిపోర్టింగ్ వెర్బ్ వర్తమానంలో ఉంటే, 'సేస్' లాగా, లోపలి కాలం మారదు. భూతకాలంలో ఉన్నా, చెప్పిన విషయం ఇంకా నిజమే అయితే మార్చకపోయినా తప్పులేదు. 'షి సెడ్ షి లివ్స్ ఇన్ వరంగల్' అంటే ఇప్పటికీ అక్కడే ఉందని రాసేవాడు కూడా నమ్ముతున్నట్టు. 'లివ్డ్' అంటే ఆ పూచీ తీసుకోవడం లేదు, ఆమె అలా అంది, అంతే. పరీక్షలో మాత్రం మార్చే రాయండి. అక్కడ పేపర్ దిద్దేవాళ్లతో వాదన పెట్టుకుని లాభం లేదు.

పూచీ ఎవరిది?

ఇప్పుడే అన్న ఆ పూచీ దగ్గరే రిపోర్టింగ్ వెర్బ్ అసలు బలం ఉంది. 'మంత్రి డబ్బు తీసుకున్నారని ఆయన అన్నారు', 'ఆరోపించారు', 'బయటపెట్టారు' అన్న మూడింట్లో మాట ఒకటే. మొదటి దాంట్లో రాసినవాడు పక్కకు తప్పుకున్నాడు. రెండో దాంట్లో ఇంకా రుజువు కాలేదని గుర్తు చేశాడు. మూడో దాంట్లో అది నిజమేనని తనే సంతకం పెట్టాడు. ఇంగ్లిష్‌లో కూడా అచ్చంగా ఇదే మెట్లు. 'సెడ్' తటస్థం. 'అలెజ్డ్', 'క్లెయిమ్డ్' దూరం జరుగుతాయి. 'రివీల్డ్', 'పాయింటెడ్ అవుట్', 'అడ్మిటెడ్' చెప్పిన విషయం నిజమని పరోక్షంగా ఒప్పుకుంటాయి. పాల్ కిపార్స్కీ, కెరోల్ కిపార్స్కీ అనే భాషాశాస్త్రవేత్తలు 1970లో, వెనకాల వచ్చే వాక్యం నిజమని ముందే అనుకునేలా చేసే క్రియలను విడిగా గుర్తించి విశ్లేషించారు. ఆ తర్వాత ఈ చర్చ చాలా దూరం నడిచింది.

మన ఇంగ్లిష్‌లో ఈ తేడా పట్టించుకోకపోవడం వల్ల అనుకోకుండా మనుషుల్ని అవమానించేస్తుంటాం. 'మై టీమ్ మెంబర్ క్లెయిమ్డ్ దట్ షి వాజ్ ఇల్' అని హెచ్‌ఆర్‌కు రాస్తే, జ్వరమంటోంది గానీ నాకు నమ్మకం లేదు అన్నట్టే. ఇన్సూరెన్స్ 'క్లెయిమ్' అలవాటైన మనకు ఆ మాటలో అనుమానం వినపడదు. అలాగే 'మేనేజర్ అడ్మిటెడ్ దట్ ది ప్రాజెక్ట్ ఈజ్ డిలేడ్' అంటే ఆయన ఏదో దాచి చివరికి దొరికిపోయినట్టుంటుంది. ఆయన మామూలుగా చెప్పి ఉంటే 'సెడ్' చాలు, ముందుగా తనే చెప్పి ఉంటే 'టోల్డ్ అజ్' చాలు.

అందుకే క్రియల్లో వెరైటీ కోసం వెరైటీ అన్న సలహా నాకు నచ్చదు. కోచింగ్ సెంటర్ల మెటీరియల్లో 'సెడ్'కు బదులు వాడదగిన ముప్పై మాటలు అంటూ ఒక పట్టిక కనిపిస్తుంది. అందులో 'స్టేటెడ్', 'మెన్షన్డ్', 'ఎక్స్‌ప్రెస్డ్', 'రిమార్క్డ్' అన్నీ ఒకే బుట్టలో ఉంటాయి. 'మెన్షన్' అంటే మాటల మధ్యలో అలా ప్రస్తావించడం, మీటింగ్ అంతా దాని గురించే నడిస్తే 'మెన్షన్డ్' తప్పు. 'స్టేటెడ్' లాంఛనంగా, కాగితం మీద చెప్పినట్టు వినిపిస్తుంది, స్నేహితుడి మాటకు అది అతకదు. అంతర్జాతీయ వార్తా సంస్థలు 'సెడ్'నే ఎక్కువగా వాడేది బద్ధకంతో కాదు. అది ఎవరి పక్షమూ తీసుకోదు, పాఠకుడి కంటికి అడ్డం రాదు. ఈ విషయంలో మన 'పేర్కొన్నారు' కన్నా 'సెడ్' మెరుగని నా అభిప్రాయం.

ఎంఎస్ కోసం అమెరికాకో, బ్రిటన్‌కో వెళ్లిన మన పిల్లలకు ఈ పూచీ సంగతి మొదటి సెమిస్టర్ అసైన్‌మెంట్‌లోనే ఎదురవుతుంది. ఎవరి పరిశోధననైనా ఉదహరిస్తూ 'ది ఆథర్ సేస్', 'ది ఆథర్ టెల్స్', లేకపోతే ఏకంగా 'ది ఆథర్ ప్రూవ్డ్' అని రాస్తారు. మొదటిది పేలవం, రెండోది తప్పు, మూడోది ప్రమాదం. 'ప్రూవ్' అంటే ఇక చర్చకు తావులేదని మీరే ప్రకటించినట్టు. గణితంలో తప్ప ఆ ధైర్యం ఎవరూ చేయరు. అకడమిక్ వ్యాసాల్లో క్రియలు రచయిత వైఖరిని, ఉదహరించేవారి వైఖరిని విడివిడిగా ఎలా చూపిస్తాయో జెఫ్ థాంప్సన్, యె యియున్ అనే భాషా పరిశోధకులు 1991లో విశ్లేషించారు. 'ది ఆథర్ డెమాన్‌స్ట్రేట్స్' అంటే మీరూ ఒప్పుకుంటున్నట్టు, 'ప్రపోజెస్' అంటే తీర్పు చెప్పనట్టు, 'ఇగ్నోర్స్' అంటే ఆ రచయితది పొరపాటని మీరు అంటున్నట్టు. మరో భాషా పరిశోధకుడు కెన్ హైలాండ్ 1990ల చివర వేర్వేరు శాస్త్రాల వ్యాసాలను పోల్చి చూస్తే, ఇంజినీరింగ్‌లో 'షో', తత్వశాస్త్రంలో 'ఆర్గ్యూ', జీవశాస్త్రంలో 'ఫైండ్', భాషాశాస్త్రంలో 'సజెస్ట్' లాంటి క్రియలకు మొగ్గు కనిపించింది. కాబట్టి మెకానికల్ చదివే విద్యార్థి, ఎంబీఏ చదివే రూమ్మేట్ అసైన్‌మెంట్ చూసి ప్రతి వాక్యంలో 'ఆర్గ్యూస్' అని రాయాల్సిన పనిలేదు. తన సబ్జెక్టులో అచ్చయిన నాలుగు పేపర్లు తెరిచి క్రియల కింద గీతలు గీసుకుంటే సరిపోతుంది.

ఇదంతా రోజువారీ పనిలో ఎలా ఉంటుందో ఒక ముక్క దగ్గరగా చూద్దాం. క్లయింట్‌తో కాల్ అయిపోయాక మినిట్స్ పంపాలి. మనలో చాలామంది రాసేది ఇలా ఉంటుంది: 'క్లయింట్ టోల్డ్ దట్ ది రిపోర్ట్ ఈజ్ లేట్. వి ఎక్స్‌ప్లెయిన్డ్ దెమ్ ది రీజన్. దే సజెస్టెడ్ అజ్ టు సెండ్ ఇట్ ఇన్ టూ పార్ట్స్. వి టోల్డ్ వి విల్ సెండ్ ది ఫస్ట్ పార్ట్ బై ఫ్రైడే. దే ఆస్క్డ్ దట్ వెన్ విల్ ది సెకండ్ పార్ట్ కమ్.' అయిదు వాక్యాలు, అయిదింట్లోనూ చట్రం తప్పింది. తప్పిన అయిదుచోట్లా కింద వినిపించేది తెలుగే.

చట్రాలు సరిచేయడం తేలిక. 'ఎక్స్‌ప్లెయిన్డ్ ది రీజన్ టు దెమ్', 'సజెస్టెడ్ దట్ వి సెండ్ ఇట్ ఇన్ టూ పార్ట్స్', 'ఆస్క్డ్ వెన్ ది సెకండ్ పార్ట్ వుడ్ కమ్'. మిగిలిన రెండు వాక్యాల దగ్గర వ్యాకరణం సాయం చేయదు. మొదటి దాంట్లో క్లయింట్ విసుక్కున్నాడా, మామూలుగా గుర్తుచేశాడా? విసుక్కుంటే 'కంప్లెయిన్డ్'. కానీ ఆ మెయిల్ క్లయింట్‌కు కూడా వెళుతుంది, 'మీరు ఫిర్యాదు చేశారు' అని ఎవరి ముఖానా రాయం. 'పాయింటెడ్ అవుట్ దట్ ది రిపోర్ట్ వాజ్ లేట్' అంటే ఆలస్యం నిజమని మనమూ ఒప్పుకుంటున్నట్టు, అది మర్యాదగానూ ఉంటుంది. ఆలస్యం జరిగిందా లేదా అన్నదే ఇంకా తేలకపోతే 'సెడ్' రాసి ఊరుకోవాలి.

శుక్రవారం వాక్యం ఇంకా గట్టిది. మనంతట మనమే ముందుకొచ్చి పంపుతామంటే 'ఆఫర్డ్ టు సెండ్'. వాళ్లు అడిగితే సరేనన్నామంటే 'అగ్రీడ్ టు సెండ్'. తప్పకుండా పంపుతామని మాటిచ్చేస్తే 'ప్రామిస్డ్'. టీమ్ లీడ్ కాల్‌లో 'ట్రై చేస్తాం సర్' అని మాత్రమే అని ఉంటే 'సెడ్ వి వుడ్ ట్రై టు సెండ్' అనే రాయాలి, కాస్త పేలవంగా కనిపించినా సరే. బాగుంటుంది కదా అని 'ప్రామిస్డ్' రాసి పంపితే, శుక్రవారం దాటాక క్లయింట్ అదే మెయిల్‌ను మేనేజర్‌ను కాపీలో పెట్టి తిరిగి పంపుతాడు. కాల్‌లో ఎవరూ అలా అనలేదని అప్పుడు చెప్పినా వినరు, రాసింది మనమే.